శెనగగింజంత ముక్క

"నలభయ్యో రోజుకి ఏం పెడదాం? బిర్యానీయేనా?" అని అబ్బా, అంటే మా నాన్న, ఫోన్ చేశారు. నేను ఆసుపత్రిలో ఓపీ చూస్తున్నాను. ఎదురుగా ఒకావిడ నాలుక బయటపెట్టుకుని కూర్చుంది.

"బిర్యానీ వద్దు అబ్బా, షోర్వా రొట్టె పెడదాం" అన్నాను.

"వచ్చినవాళ్ళందరి చేతా తుంచిస్తావా ఏంటి?" అన్నారు. నవ్వుతున్నారో ఏడుస్తున్నారో తెలియలేదు. నాకు మాత్రం నవ్వే వచ్చింది. నవ్వుతూ కళ్ళు తుడుచుకుంటుంటే ఎదురుగా ఉన్నావిడ నాలుక లోపలికి లాక్కుని, "ఏంటండీ డాక్టరుగారూ, అంత పెద్ద జబ్బా?" అని కంగారుపడిపోయింది. ఆవిడకి సర్దిచెప్పేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది.

పోయింది మా ఫుప్పు. ఫుప్పు అంటే మేనత్త, అబ్బాకి అక్క. పోయిందని ఏడుద్దామని కూర్చుంటే ఏదో ఒకటి గుర్తొచ్చి ఫక్కున నవ్వు వస్తుంది. ఇదేం చోద్యమో! బతికున్నన్నాళ్ళూ ఎవర్నీ పద్ధతిగా ఏడవనిచ్చిన మనిషి కాదు, పోయాక మాత్రం ఊరుకుంటుందా?

తొంభైల్లో విజయవాడ బస్టాండుకి వెళ్ళినవాళ్ళెవరైనా ఆవిడ గొంతు విని ఉంటారు. అద్దాల గదిలో మైకు ముందు కూర్చునేది. "మచిలీపట్నం వెళ్ళవలసిన ప్రయాణీకులకు విజ్ఞప్తి. ఉయ్యూరు, పామర్రు మీదుగా మచిలీపట్నం వెళ్ళు బస్సు..." అని మొదలుపెడితే నిద్రపోతున్న పిల్లలు కూడా లేచి కూర్చునేవాళ్ళు. ఇంట్లోనూ అదే గొంతు. భవానీపురంలో మా ఇళ్ళు పక్కపక్కనే. మధ్యాహ్నం అయ్యేసరికి గోడ అవతల్నుంచి, "భోజనమునకు రావలసిన వారు వెంటనే రావలెను. ఆలస్యమైనచో పులుసు ఉండదు" అని వినపడేది. మా వీధిలో గడియారం అక్కర్లేదనేవారు ఫుప్పా, అంటే ఆవిడ మొగుడు, పాపం నెమ్మదస్తుడు.

ఊళ్ళ పేర్లు పొద్దస్తమానం పిలిచీ పిలిచీ ఆవిడకి ఆ ఊళ్ళన్నీ చూడాలని పిచ్చి పట్టింది. సెలవు దొరికితే చాలు, నన్ను వెంటేసుకుని బస్సెక్కేది. ఊరు చూడ్డమంటే ఆవిడ లెక్కే వేరు. గుడీ గోపురం, సముద్రం, కోట, ఇవన్నీ తర్వాత. బస్సు దిగగానే ఎదురొచ్చిన మొదటి మనిషిని ఆపి, "ఏమండీ, మీ ఊళ్ళో పాత వీధి ఎటండీ? పొద్దున్నే అక్కడేం తింటారండీ?" అనేది. నేను సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. వాళ్ళు మాత్రం ఎంత సంబరపడేవాళ్ళో! చేస్తున్న పని వదిలేసి వెంట వచ్చి చూపించేవాళ్ళు. బందరులో ఒకాయన అలా హల్వా కొట్టుదాకా వచ్చి, వాళ్ళ తాత కాలంలో ఆ హల్వా ఎంత బాగుండేదో చెబుతూ మాతోపాటే తినేసి వెళ్ళాడు. కూచిపూడి తీసుకెళ్ళింది ఒకసారి. అందరూ నాట్యం చూస్తుంటే ఈవిడ పక్కనున్న పెద్దావిణ్ణి గిల్లి, "డాన్సు కట్టేముందు పిల్లలకి ఏం పెడతారండీ?" అంది. ఆవిడ మొదట తెల్లబోయి, తర్వాత చేయి పట్టుకుని ఇంటికి తీసుకెళ్ళి పెరుగన్నం, నిమ్మకాయ ఊరగాయ పెట్టింది. నాట్యం సగమే చూశాం. ఫుప్పు ఏమాత్రం బాధపడలేదు.

మొదటి ముద్ద ఎప్పుడూ కళ్ళు మూసుకునే తినేది. బాగుంది, బాలేదు అనే మాటలు ఆవిడ నోట రావు. నచ్చితే కళ్ళు తెరిచి, "ఇది ఈ ఊరిదే" అనేది. నచ్చకపోతే, "ఇది ఎక్కడైనా దొరుకుద్ది" అనేది. మనుషుల్ని కూడా అలాగే తూచేది. మా పెద్దన్నయ్య పెళ్ళిచూపుల్లో ఒకమ్మాయి గురించి "ఎక్కడైనా దొరుకుద్ది" అనేసి, రెండిళ్ళవాళ్ళ చేతా చీవాట్లు తింది.

హ్యాండుబ్యాగులో ఎప్పుడూ గోంగూర పచ్చడి సీసా, ఒక స్టీలు చెంచా. అత్యవసరానికట. ఆ సీసా వల్లే చైనాలో మా పరువు పోయింది.

చెబుతాను. ఇక్కడ నాకు మెడిసిన్ సీటు రాలేదు. ఆ రోజుల్లో అప్పుడప్పుడే మనవాళ్ళు చైనా వెళ్ళి డాక్టరు చదువుతున్నారు. నేనే పట్టుబట్టి వెళ్ళాను. షియాన్ అని, వెనకటికి రాజధానట, ఊరి చుట్టూ ఇప్పటికీ పెద్ద కోటగోడ. ఆ గోడ నేను చూస్తేగా! వెళ్ళిన వారానికే బెంగ పట్టుకుంది. భాష రాదు. క్యాంటీన్లో ఏ గిన్నెలో ఏ మాంసం ఉందోనని భయం. హాస్టలు గదిలో తలుపేసుకుని కుక్కర్లో అన్నం వండుకుని పచ్చడేసుకుని తినడం, పడుకోవడం. క్లాసుకి వెళ్ళడం, తిరిగి రావడం. నాలుగు నెలలకి ఎముకలు లెక్కపెట్టేలా తయారయ్యాను. ఫోన్లో ఏడుపొకటే. అబ్బా గుండె కరిగి, "చదువూ వద్దు, ఏమీ వద్దు, వచ్చేయ్" అన్నారు. వచ్చేస్తే డాక్టరు చదువు అక్కడితో సరి, ఇంక మళ్ళీ ఉండదు. అది నాకూ తెలుసు. అయినా వచ్చేస్తానన్నాను.

తీసుకురావడానికి ఎవరు వెళ్ళాలి? అబ్బాకి పాస్‌పోర్టు లేదు. ఫుప్పుకి హజ్‌కి వెళ్ళినప్పటిది ఉంది. "నేను తెస్తాలే పిల్లని" అంది. రావడానికి ఒకటి, పోవడానికి రెండు టికెట్లు పట్టుకుని దిగింది.

హాస్టలు గేటు దగ్గర నన్ను చూసి కావలించుకుని ఏడుస్తుందనుకున్నాను. నేనూ ఏడుద్దామని తయారుగా ఉన్నాను. ఆవిడ నన్ను పైనుంచి కిందదాకా చూసి, "చీపురుపుల్లలా అయ్యావేంటే! ఈ ఊళ్ళో ఏం తింటారు?" అంది.

"నాకేం తెలుసు?"

"పాత ఊరెక్కడుంది?"

"తెలీదు ఫుప్పూ."

"నాలుగు నెల్లనుంచి ఊళ్ళో ఉండి ఊరు చూళ్ళేదా!" నిజంగానే గుండెల మీద చెయ్యేసుకుంది. "మా ఇంట్లో పుట్టినదానివేనా నువ్వసలు? సరే, ఇద్దరికీ వారం తర్వాత టికెట్లున్నాయి. ఎలాగూ పోతున్నాం. ఈ వారం మటుకు నేను చెప్పినట్టు విను" అంది.

మర్నాడు బస్సెక్కాం. కండక్టరమ్మాయితో, "ఏమమ్మా, పాత వీధికెళ్ళాలి, దించుతావా?" అని తెలుగులో చెప్పి, నెత్తిమీది కొంగు చూపించి, నోటిదగ్గర చెయ్యి పెట్టి తింటున్నట్టు అభినయించింది. ఆ అమ్మాయి నవ్వి, సరిగ్గా ఒక పాత బురుజు పక్కన దించింది. నగారా బురుజట అది. దాని కింద కమానులోంచి అవతలికి నడిస్తే, అమ్మా! వీధి వీధంతా తెల్లటోపీల మగవాళ్ళు, తలకి గుడ్డ కట్టుకున్న ఆడవాళ్ళు. అంగళ్ళమీద అరబ్బీ అక్షరాలు. ఒకచోట ఎర్ర ఖర్జూరాలేసి ఆవిరిమీద ఉడికించిన జిగురు బియ్యం, ఒకచోట టమాటాలాంటి నారింజరంగు పండు గుజ్జు పిండిలో కలిపి నూనెలో కాల్చే బిళ్ళలు. పొగ, కేకలు, సైకిలు గంటలు. మన వన్‌టౌన్లో పండగ ముందు రోజులా ఉంది. నా హాస్టలునుంచి అరగంట దూరం, అంతే. నాలుగు నెలలు నేను పచ్చడన్నం తిన్నది దీనికి అరగంట దూరంలో కూర్చుని.

ఫుప్పు ఒక ముసలాయనకి సలాం చెప్పింది. ఆయన ఠక్కున ఆగి, "వ అలైకుం అస్సలాం" అన్నాడు. అంతే, ఇంక ఆవిణ్ణి పట్టుకోవడం ఎవరివల్లా కాలేదు. కనపడ్డ ప్రతివాళ్ళకీ సలామే. "చూశావా, ఊరంతా మనవాళ్ళే. నువ్వేమో గదిలో ముసుగుతన్ని పడుకున్నావ్" అని నన్ను దెప్పడం.

గొర్రెమాంసం వాసన పట్టుకుని ఒక కొట్లోకి వెళ్ళాం. తలకి తెల్లగుడ్డ కట్టుకున్న లావుపాటి ఆవిడ, కొట్టు ఆవిడదే, మా ఇద్దరిముందూ రెండు బండగిన్నెలు పెట్టింది. ఒక్కోదాంట్లో గుండ్రటి గట్టి రొట్టె, ఒక రేకు బిళ్ళ. బిళ్ళమీద నంబరు. "ప్లాట్‌ఫారం నంబరు కూడా ఇచ్చారే!" అని ఫుప్పు మురిసిపోయింది. కొట్టావిడ వెళ్ళిపోయింది. ఎంతసేపటికీ ఇంకేమీ రాదు.

"రొట్టె వచ్చింది, షోర్వా వస్తుందిలే" అంది ఫుప్పు. ఆకలి దంచేస్తోంది. హ్యాండుబ్యాగులోంచి గోంగూర తీసింది. ఇద్దరం ఆ ఎండురొట్టెలు గోంగూరలో అద్దుకుని, ఒక్క తునక లేకుండా లాగించేశాం. అప్పుడొచ్చింది కొట్టావిడ, గిన్నెలకోసం. ఖాళీ గిన్నెలోకి చూసింది. మమ్మల్ని చూసింది. వంగి బల్లకింద చూసింది. వంటింట్లోకి ఏదో కేకేసింది. కొట్టు మొత్తం గొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్వింది ఎవరనుకున్నారు? ఫుప్పే.

అక్కడి పద్ధతి అది కాదట. రొట్టెని తినేవాళ్ళే చేత్తో సన్నగా తుంచి గిన్నెలో వెయ్యాలి. ఆ గిన్నె వంటింట్లోకి వెళుతుంది. వంటాయన ఆ ముక్కల్ని షోర్వాలో ఉడికించి, మాంసమేసి, నంబరు చూసి ఎవరి గిన్నె వాళ్ళకి పంపిస్తాడు. పక్కబల్ల దగ్గరాయన తన గిన్నె వంచి చూపించాడు. శెనగగింజలంత ముక్కలు, అన్నీ ఒకే తీరు.

"ఓస్, ఇంతేనా" అని ఫుప్పు కొత్త రొట్టె తీసుకుని టకటకా విరిచేసింది. మనింట్లో షోర్వాలో వేసుకున్నట్టు, బొటనవేలంత ముక్కలు. గిన్నె లోపలికి వెళ్ళింది. వెంటనే వెనక్కి వచ్చింది. వెంట గరిటె పట్టుకుని వంటాయనే వచ్చాడు. ఒక ముక్క తీసి ఫుప్పు ముఖం ముందు ఆడించాడు.

"ఏమండీ, పుట్టినకాణ్ణుంచి తింటున్నాం షోర్వా రొట్టె. మాకు నేర్పుతారా?" అని తెలుగులో దులిపేసింది ఫుప్పు. ఆయనా చైనా భాషలో ఏం తగ్గలేదు. నాకొచ్చిన నాలుగు మాటల్తో అర్థం చేసుకుని, "పెద్ద ముక్కైతే షోర్వా లోపలికి పోదంట ఫుప్పూ. నా వంట పాడవుద్ది అంటున్నాడు" అన్నాను.

ఫుప్పు ఒక్క క్షణం ఆలోచించింది. "అది నిజమేనండీ" అని బుద్ధిగా కూర్చుని మళ్ళీ మొదలుపెట్టింది.

ఆ రొట్టె తుంచడం చాలాసేపు పడుతుంది. చేతులు పనిలో ఉంటాయి, కళ్ళు గిన్నెలో ఉంటాయి, నోరొక్కటే ఖాళీ. అందుకేనేమో, ఫోన్లో అన్నిసార్లు ఏడ్చినా చెప్పలేనిది అప్పుడు చెప్పాను. "తిండి బాలేక కాదు ఫుప్పూ. ఇన్ని నెలల్లో ఎవరితోనూ కూర్చుని తినలేదు. ఒక్కదాన్నే తింటున్నాను. ఇంక నావల్ల కావట్లేదు" అన్నాను. కళ్ళలోంచి నీళ్ళు గిన్నెలో పడతాయేమోనని తల పక్కకి తిప్పుకున్నాను.

ఆవిడ ఓదార్చలేదు. "ఊఁ" అంది. నా గిన్నెలోకి వంగి చూసి, "ఆ ముక్క పెద్దదైంది, చూసుకో" అంది. నేను చూసుకుని దాన్ని మళ్ళీ రెండు చేశాను.

కొట్టావిడ వచ్చి నా గిన్నె తీసుకుంది. వేళ్ళతో కెలికి చూసింది. చూసి, బొటనవేలు పైకెత్తి, ఆ గిన్నె పట్టుకుని బల్లబల్లకీ తిప్పి చూపించింది. ఆ దేశం వచ్చాక నన్ను ఎవరైనా మెచ్చుకోవడం అదే మొదలు. ఫుప్పు గిన్నె మాత్రం మళ్ళీ వెనక్కి వచ్చింది! "ఇది అన్యాయం" అని ఆవిడ లేచి నిలబడింది. నేను నవ్వి నవ్వి కడుపు పట్టుకున్నాను. నెలల తర్వాత నవ్వేమో, దవడలు నొప్పెట్టాయి.

చివరికి ఇద్దరి గిన్నెలూ వచ్చాయి. చిక్కటి షోర్వా పీల్చుకున్న ముక్కలు, పైన మాంసం, కొత్తిమీర, పక్కన ఊరేసిన వెల్లుల్లి. కలపకుండా అంచులనుంచి తినాలని పక్కాయన సైగ చేశాడు. ఫుప్పు కళ్ళు మూసుకుని మొదటి చెంచా నోట్లో పెట్టుకుంది. చాలాసేపు తెరవలేదు. తెరిచి, "ఇది ఈ ఊరిదే" అంది. బదులుగా కొట్టావిడకి గోంగూర రుచి చూపించింది. ఆవిడ కళ్ళవెంట నీళ్ళు కారాయి గానీ, ఇంకో చెంచా అడిగింది.

ఆ వారమంతా ఫుప్పు నన్ను ఊరు తిప్పింది. నేను చదువుకునే ఊరు, తిప్పింది విజయవాడ బస్టాండు మనిషి. అక్కడి పెద్ద మసీదుకి గుమ్మటం లేదు, మినార్లు లేవు. ఒక వాకిలి తర్వాత ఒక వాకిలి, చెట్లు, పెంకుల కప్పు. ఫుప్పు ఒక రాతిబల్లమీద కూర్చుని, "మన పెంకుటింట్లో ఉన్నట్టుందే" అని అక్కణ్ణుంచి కదల్లేదు. కోటగోడమీద సైకిళ్ళు అద్దెకిస్తారు. చీర కుచ్చెళ్ళు బొడ్లో దోపుకుని ఎక్కింది. గోడమీద సైకిలు తొక్కుతూ, దారికడ్డమొచ్చినవాళ్ళమీద గంట కొట్టకుండా, "ప్రయాణీకులు పక్కకు తప్పుకొనవలెను!" అని మైకు లేని అనౌన్సుమెంటు. చైనావాళ్ళు నిజంగానే తప్పుకున్నారు.

రోజూ మధ్యాహ్నం మాత్రం అదే కొట్టు. నాలుగోరోజుకి ఫుప్పు గిన్నె నెగ్గింది. ఆ సంతోషంలో వెంట తెచ్చిన కొండపల్లి బొమ్మ కొట్టావిడకి బహుమతిచ్చింది. తాటిచెట్టెక్కి కల్లుగీసే మనిషి బొమ్మ. ఆవిడ దాన్ని కారం సీసాల పక్కన, అందరికీ కనపడేలా పెట్టుకుంది. తర్వాత అబ్బాకి తెలిసి నెత్తి కొట్టుకున్నారు. "మసీదు వీధిలో కల్లుగీత బొమ్మేంటి ఆపా!" అని అక్కని నిలదీస్తే, "వాళ్ళకేం తెలుసురా, కొబ్బరిచెట్టనుకున్నారు" అంది.

ప్రయాణం రేపనగా కొట్లో కూర్చుని రొట్టె తుంచుతున్నాం. కొట్టావిడ నా భుజం తట్టి ఏదో అంది. రేపు వంకాయ వండుతాను, నువ్వు రా, అని. నేను ఆలోచించకుండా సరేనన్నాను. అని, ఫుప్పు వైపు చూశాను. ఆవిడ తుంచడం ఆపలేదు.

"రేపు మనం విమానం ఎక్కాలిగా" అంది.

"నువ్వెళ్ళు ఫుప్పూ. నేను రేపు ఇక్కడికి రావాలి" అన్నాను.

అప్పుడు తలెత్తింది. ముఖం ఇంతయింది. అంత సంతోషం ఆవిడ ముఖంలో బందరు హల్వా తిన్నప్పుడు కూడా చూళ్ళేదు. సాయంత్రం ఫోను బూతునుంచి అబ్బాకి చెప్పింది. ఆయన అరుపులు నాకూ వినపడుతున్నాయి. "నిన్ను పంపింది పిల్లని తీసుకురమ్మనా, షోర్వా తాగి రమ్మనా?"

"షోర్వాకే అనుకోరా. పిల్ల రాదు. అది ఇప్పుడు ఈ ఊరిదే" అని పెట్టేసింది.

అబ్బా ఆవిడతో మాట్లాడ్డం మానేశారు. పక్కిల్లే, గోడ అవతలే, అయినా మాట లేదు. పిల్ల అక్కడేమైపోతుందోనని ఆయన భయం, ఆ నింద మొత్తం ఫుప్పుమీద. ఆవిడ మాత్రం నాకు ఫోను చేసి అడిగేది ఒకటే: "ఈ నెల ఏ పాత ఊరెళ్ళావ్? పొద్దున్నే ఏం తింటున్నారు?" ఆవిడకోసం రైలెక్కి లోయాంగ్ వెళ్ళాను. అక్కడ తెల్లారగానే పెద్ద గిన్నెల్లో షోర్వానే తాగుతారు, వీధుల్లో బారులు తీరి. కైఫెంగ్ వెళ్ళాను. అక్కడ ఆవిరిమీద ఉడికించిన చిన్నచిన్న మూటల్లో షోర్వా దాచి ఉంటుంది, తెలీక కొరికితే ఎదుటివాడి చొక్కా ఖరాబు. నేను ఖరాబు చేసిన చొక్కా తాలూకు అమ్మాయి మా కాలేజీదేనట, తర్వాత నా రూమ్మేటయింది, ఒంటరిగా తినే పీడ దాంతో పూర్తిగా వదిలింది. ఇవన్నీ విని ఫుప్పు ఫోన్లోనే గొంతు సవరించుకునేది. "షియాన్, లోయాంగ్ మీదుగా కైఫెంగ్ వెళ్ళు బస్సు బయలుదేరుటకు సిద్ధముగా నున్నది."

మొదటి సెలవులకి బుగ్గలేసుకుని ఇంటికొచ్చాను. అబ్బా నన్ను పైనుంచి కిందదాకా చూశారు. తిన్నగా గోడ అవతలికి వెళ్ళి, "ఆపా, ఆకలేస్తోంది" అన్నారు. అంతే, రాజీ. ఆ రోజు ఫుప్పు షోర్వా వండి అందరి చేతా రొట్టె తుంచించింది. ఒక్కొక్కరి గిన్నే తనిఖీ. అబ్బావి మరీ పెద్ద ముక్కలు. "వీడికి చిన్నప్పట్నుంచీ ఓపిక లేదు" అని పక్కన కూర్చుని, ఆయన ముక్కలన్నీ తనే మళ్ళీ తుంచిపెట్టింది. అప్పట్నుంచి ప్రతి పండక్కీ అదే తంతు. నేను చదువు పూర్తిచేసి, ఇక్కడి పరీక్ష గట్టెక్కి, డాక్టరునై బోర్డు పెట్టుకున్న రోజున కూడా అదే వంట. ఇన్నేళ్ళలో అబ్బా గిన్నె ఒక్కసారీ నెగ్గలేదు.

నలభయ్యో రోజు ఫాతిహా ప్రార్థన అయింది. చుట్టాలంతా చాపలమీద కూర్చుని గిన్నెలు ఒళ్ళో పెట్టుకుని తుంచుతున్నారు. అలవాటైపోయిన ఇల్లు కదా, ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేదు. తుంచడం అయ్యాక మాత్రం అందరూ గిన్నెలు పట్టుకుని అలాగే కూర్చున్నారు. చూసేవాళ్ళు లేరు మరి. అబ్బా లేచి తన గిన్నె తెచ్చి నా ముందు పెట్టారు.

"నువ్వు చూడవే" అన్నారు.

చూశాను. శెనగగింజలంత ముక్కలు. అన్నీ ఒకే తీరు. షియాన్ కొట్టావిడైతే బల్లబల్లకీ తిప్పి చూపించేది.

"మీకు తుంచడం వచ్చా అబ్బా?"

"ఎప్పుడో వచ్చు."

"మరి ఇన్నాళ్ళూ?"

అబ్బా గిన్నెలోకే చూస్తూ, "సరిగ్గా తుంచితే ఆపా వచ్చి నా పక్కన కూర్చునేది కాదుగా" అన్నారు.

ఏడుపొచ్చింది, ఈసారి నిజంగానే. బుట్టలోంచి ఇంకో రొట్టె తీసి ఆయన గిన్నెలో పడేసి, పక్కన కూర్చున్నాను. ఇద్దరం చెరోవైపునుంచి తుంచడం మొదలుపెట్టాం. లోపల్నుంచి వంటాయన, "గిన్నెలు పంపిస్తారా లేదా అమ్మా, షోర్వా మరిగిపోతోంది" అని ఒకటే కేకలు.

"ఉండండీ, ముక్కలు పెద్దవైనాయి" అన్నాను.